రమ్నా చెట్టు కింద పాట

ఢాకా నగరం నడిబొడ్డున ఉన్న రమ్నా ఉద్యానవనంలో ఏటా ఏప్రిల్ 14న సూర్యోదయ వేళకు వేలాది జనం ఒక చెట్టు చుట్టూ చేరతారు. ఎర్రంచు తెల్లచీరలు కట్టిన స్త్రీలు, కుర్తాలు తొడిగిన పురుషులు, తల్లుల ఒళ్లో ఇంకా నిద్రమత్తు వదలని పిల్లలు. ముందుగా ఒక ప్రభాత రాగం వినిపిస్తుంది. తర్వాత రవీంద్రుడి పాటలు, నజ్రుల్ పాటలు, లాలన్ ఫకీర్ పదాలు, పల్లెపాటలు. చివర్లో నిర్వాహక సంస్థ ఛాయానట్ తరఫున ఒక చిన్న ప్రసంగం. ఏడాది పొడుగునా దేశ రాజకీయం మీద గుండెల్లో పేరుకున్న బాధ, కోపం ఆ నాలుగు మాటల్లో బయటపడతాయి. ఆపైన జాతీయగీతం. బంగ్లా నూతన సంవత్సరం పొహెలా బైశాఖ్ ఆ నగరంలో అలా మొదలవుతుంది.

ఆ స్థలాన్ని ‘రమ్నా బటమూల్’ అంటారు. మర్రి మొదలు అని అర్థం. నిజానికి అది మర్రి కాదు, రావిచెట్టు. మొదట ఎవరో మర్రి అన్నారు, ఊరంతా మర్రి అంది. ఆ పొరపాటు వల్ల ఎవరికీ నష్టం లేదు. అయితే ఆ చెట్టు కింద పాట ఎందుకు మొదలైందన్న విషయంలో మరో పొరపాటు ప్రచారంలో ఉంది. దాన్ని మాత్రం సరిచూసుకోవాలి.

పాకిస్తాన్ ప్రభుత్వం రవీంద్రుడి పాటను నిషేధించింది, దానికి జవాబుగా కళాకారులు చెట్టు కింద కూర్చుని పాడారు అన్నది తరచుగా వినిపించే కథ. వినడానికి ఇంపుగా ఉంటుంది గాని తేదీలు ఒప్పుకోవు. రమ్నాలో తొలి ఉత్సవం 1967 ఏప్రిల్‌లో జరిగింది. కేంద్ర సమాచార మంత్రి ఖ్వాజా షహాబుద్దీన్ జాతీయ అసెంబ్లీలో రవీంద్ర సంగీతంపై ప్రకటన చేసింది అదే ఏడాది జూన్‌లో. ముందు పాట వచ్చింది, రెండు నెలల తర్వాత వేటు వచ్చింది. అంతకుముందు 1965 యుద్ధకాలంలో రేడియో పాకిస్తాన్ రవీంద్రుడి పాటలను పక్కన పెట్టిన మాట నిజమే. ఆ ఉక్కపోత కళాకారుల మనసులో ఉండే ఉంటుంది. అయినా వారు ఆ ఉదయాన ఏ ప్రభుత్వ ఉత్తర్వుకూ జవాబు చెప్పడానికి కూర్చోలేదు. కొత్త సంవత్సరం వచ్చింది గనుక పాడుకున్నారు. అందులో రాజకీయాన్ని వెతికి పట్టుకున్నది పాలకులే.

ఈ పండుగ పుట్టుక చూస్తే పాలకులకు అంత భయం కలగవలసిన అవసరం కనిపించదు. చాంద్రమానమైన హిజ్రీ తేదీలకూ పంటకాలానికీ పొంతన కుదరక, శిస్తు వసూలు కోసం అక్బరు కాలంలో సౌరమాన గణన తెచ్చారని, బంగ్లా సంవత్సరం దాని నుంచే స్థిరపడిందని ఎక్కువమంది చెబుతారు. దాని మూలాలు ఇంకా పాతవని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. ఏదైనా, అది లెక్కల పండుగ. వర్తకులు ఆ రోజు పాత బాకీలు తీర్చుకుని, ‘హాల్‌ఖాతా’ పేరిట కొత్త పద్దు పుస్తకం తెరిచి, ఖాతాదారులకు మిఠాయి పెడతారు. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు వినిపించకుండా ఉగాది గడవని తెలుగువారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

తూర్పు పాకిస్తాన్‌లో 1954 ఎన్నికల్లో ముస్లిం లీగ్ చిత్తుగా ఓడింది. ఐక్య సంఘటన ప్రభుత్వానికి ముఖ్యమంత్రి అయిన ఫజ్లుల్ హక్ పొహెలా బైశాఖ్‌ను సెలవు దినంగా ప్రకటించారు. రెండు నెలలు తిరగకుండానే, మే నెలాఖరులో, ఆ ప్రభుత్వాన్నే కేంద్రం బర్తరఫ్ చేసింది. 1958లో సైనిక శాసనం వచ్చింది.

1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం. అయూబ్ ఖాన్ సైనిక ప్రభుత్వం పైకి కాదనకుండానే, జరగకుండా చూడాలనుకుంది. న్యాయమూర్తి సయ్యద్ మహబూబ్ ముర్షెద్ వంటివారు పూనుకుని ఉత్సవాలు జరిపించారు. ఆ పని ముగిశాక కార్యకర్తలు జయదేవ్‌పూర్‌లో వనభోజనానికి వెళ్లారు. ఇంతమందిమి కలిశాం, విడిపోవడమెందుకన్న మాట అక్కడ పుట్టింది. ఒక రాగం పేరు పెట్టుకుని ఛాయానట్ ఏర్పడింది. కవయిత్రి సూఫియా కమాల్ అధ్యక్షురాలు. సంజీదా ఖాతూన్, వహీదుల్ హక్ దానికి ప్రాణం పోసినవారు. సంజీదా తండ్రి కాజీ మొతాహర్ హుస్సేన్ గణాంకశాస్త్రవేత్త, నజ్రుల్‌కు ఆప్తమిత్రుడు. 1963లో సంగీత పాఠశాల పెట్టారు. నినాదాలు నేర్పడానికి కాదు, స్వరాలు నేర్పడానికి. నాలుగేళ్లకు ఆ పిల్లలే రమ్నా చెట్టు కింద కూర్చున్నారు.

పాకిస్తాన్ పాలకుల చిక్కు రవీంద్రుడితోనే తీరేది కాదు. ఆయన హిందువు, ఆయన జన్మస్థలం కలకత్తా భారతదేశంలో ఉంది, కాబట్టి పరాయివాడని తేల్చవచ్చు. మరి కాజీ నజ్రుల్ ఇస్లాంను ఏం చేయాలి? ఈద్ వస్తే బెంగాలీ ముసల్మాను ఇంట నజ్రుల్ పాట మోగవలసిందే. 1931లో ఆయన రాసిన ఆ రంజాన్ పాటను అబ్బాసుద్దీన్ అహ్మద్ గ్రామఫోన్ రికార్డుకు పాడారు. నేటికీ నెలవంక కనిపించిన రాత్రి రేడియో, టెలివిజన్ దానితోనే పండుగను ప్రకటిస్తాయి. కాని అదే నజ్రుల్ కాళీమాత మీద శ్యామాసంగీతం కూడా రాశాడు. అందుకని ప్రభుత్వం కవిని ఉంచుకుని కవిత్వాన్ని చెక్కడం మొదలుపెట్టింది. ఒక కవాతు పాటలో ‘మహాశ్మశానం’ అన్న మాట తీసేసి ‘గోరస్థాన్’ అని పెట్టారు. మరణించినవారిని కాల్చాలా, పూడ్చాలా అన్న తగవు పాటలోకి కూడా వచ్చిందన్నమాట. రుగ్మతతో 1942 నుంచే మాట పోయిన నజ్రుల్‌కు ఈ సవరణలను కాదనే అవకాశం కూడా లేకపోయింది.

ఇక 1967 జూన్ ప్రకటన. పాకిస్తాన్ సాంస్కృతిక విలువలకు విరుద్ధమైన రవీంద్ర గీతాల ప్రసారం ఆపేస్తామని, తక్కినవీ తగ్గిస్తామని షహాబుద్దీన్ సభకు తెలిపారు. ఆయన పశ్చిమం నుంచి వచ్చిన అధికారి కాడు, ఢాకా నవాబుల కుటుంబీకుడు, మాజీ ప్రధాని ఖ్వాజా నజీముద్దీన్ తమ్ముడు. 19 మంది మేధావులు నిరసన ప్రకటన విడుదల చేశారు. దానికి పోటీగా 40 మంది ప్రభుత్వాన్ని సమర్థిస్తూ సంతకాలు పెట్టారు. ఏలినవారికి సంతకాల కొరత ఏ దేశంలోనూ, ఏ కాలంలోనూ రాలేదు. అయితే ఆ 40 మంది పేర్లు ఇప్పుడు పరిశోధకుల పాదసూచికల్లో తప్ప వినిపించవు.

అప్పటికి షేక్ ముజీబుర్ రహమాన్ జైల్లో ఉన్నారు. ఆరు సూత్రాల కార్యక్రమం ప్రకటించి ఏడాది దాటింది. రాజకీయ సభకు అనుమతి దొరకని రోజుల్లో తెల్లవారుజామున పాట వినడానికి వచ్చిన మనిషిని ఏ నేరం కింద పట్టుకుంటారు? పైగా నిషేధపు మాట వచ్చాక మరుసటేడు ఆ చెట్టు కింద కూర్చోవడానికే వేరే అర్థం వచ్చింది. సంగీతం వినడం ఒక పక్షం వహించడమైంది. 1969 ఫిబ్రవరిలో విడుదలైన ముజీబ్, రమ్నాకు ఆనుకునే ఉన్న రేస్‌కోర్సు మైదానంలో జరిగిన బహిరంగ సభలో రవీంద్రుడి పాట పాడి తీరుతామని ప్రకటించారు. స్వపరిపాలన కోరిన నాయకుడు అంత పెద్ద జనసమూహం ముందు ఒక కవి పక్షాన వకాల్తా పుచ్చుకోవలసి వచ్చింది. ఆ పరిస్థితిని సృష్టించిన ఘనత మాత్రం సమాచార శాఖదే.

1971 మార్చి 25 రాత్రి సైన్యం ఢాకాపై విరుచుకుపడింది. ఆ ఏప్రిల్‌లో రమ్నాలో పాట లేదు. రేస్‌కోర్సు పక్కనే ఉన్న రమ్నా కాళీ మందిరాన్ని సైన్యం అప్పటికే నేలమట్టం చేసింది. వహీదుల్ హక్, సంజీదా సరిహద్దు దాటి కలకత్తా చేరి, గాయకులను కూడగట్టి, శరణార్థి శిబిరాల్లో పాడించారు. ఆ బృందాన్ని అమెరికన్ ఛాయాగ్రాహకుడు లియర్ లెవిన్ చిత్రించాడు. ఆ ఫిల్మునే తారెక్ మసూద్, కేథరీన్ మసూద్ దంపతులు 1995లో ‘ముక్తిర్ గాన్’ పేరుతో చలనచిత్రంగా తెచ్చారు. ఆ ఏడాది తర్వాత కరోనా వచ్చేదాకా, అంటే 2020 దాకా, చెట్టు కింద పాట ఆగలేదు.

కొత్త దేశం జాతీయగీతంగా ఎంచుకున్నది రవీంద్రుడి ‘అమార్ సోనార్ బంగ్లా’. అది 1905 నాటి పాట, కర్జన్ బెంగాల్‌ను రెండుగా చీల్చిన ఏటిది. విభజన అమలైన అక్టోబరు 16న రవీంద్రుడు రాఖీ పండుగ చేయించాడు. ఇళ్లలో పొయ్యి వెలిగించలేదు, జనం పాడుకుంటూ గంగకు నడిచారు, దారిలో ఎదురైన హిందూ ముస్లింల చేతులకు రాఖీలు కట్టారు. రక్షాబంధనాన్ని శ్రావణం నుంచి తెచ్చి ఆశ్వయుజంలో రాజకీయ పండుగగా నిలపడం ఆనాటి కలకత్తాకే చెల్లింది. కాని తూర్పు బెంగాల్‌లోని చాలామంది ముస్లింలకు ఆ విభజన అన్యాయంగా కనిపించలేదు, ఢాకా రాజధాని కావడం వారికి ఆశ కల్పించింది. 1906లో ముస్లిం లీగ్ పుట్టింది ఢాకాలోనే. విభజన వద్దంటూ పుట్టిన పాట, అదే తూర్పు భాగం స్వతంత్ర దేశమయ్యాక దానికి జాతీయగీతమైంది. ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపేవారిని ద్రోహులనడం తగదు, చరిత్రలో అది ఉన్నదే. భారత జాతీయగీతాన్ని రవీంద్రుడు 1919లో మదనపల్లెలో ఉండగా ఆంగ్లంలోకి మార్చాడు, అక్కడే మార్గరెట్ కజిన్స్ దాని బాణీని స్వరబద్ధంగా రాసిపెట్టారు. రెండు దేశాలకు గీతమిచ్చిన కవి రెండు దేశాల్లోనూ అనుమానితుడు కావడం ఈ ఉపఖండపు ప్రత్యేకత.

1989లో ఎర్షాద్ సైనిక పాలన మీద కోపంతో ఢాకా విశ్వవిద్యాలయ చిత్రకళా విద్యార్థులు పెద్దపెద్ద బొమ్మలు, ముఖాలు మోసుకుంటూ నూతన సంవత్సర ఊరేగింపు తీశారు. తొలుత దాని పేరు ఆనంద శోభాయాత్ర, 1996 నుంచి మంగళ శోభాయాత్ర. రమ్నాలో పాట, వీధిలో బొమ్మ, రెండూ కలిసి పండుగ అయ్యాయి.

2001 ఏప్రిల్ 14 ఉదయం పాట సాగుతుండగా రమ్నాలో బాంబులు పేలాయి. పది మంది మరణించారు. హర్కతుల్ జిహాద్ ఉగ్రవాదుల పని అది. అంతకు రెండేళ్ల ముందు జెస్సోర్‌లో ఉదీచీ సాంస్కృతిక సంస్థ సభపైనా బాంబు దాడి జరిగింది. రమ్నా కేసులో విచారణ కోర్టు తీర్పు రావడానికి పదమూడేళ్లు పట్టింది. ఛాయానట్ మాత్రం మరుసటి ఏప్రిల్‌కే అదే చెట్టు కింద కూర్చుంది. 

శత్రువుల చేతిలో ఈ పండుగ ఎంత నలిగిందో అందరూ రాశారు. మిత్రుల చేతిలో నలిగిన సంగతి తక్కువగా రాశారు. షేక్ హసీనా ప్రభుత్వం దాన్ని ఎంతో ఆదరించింది. 2016 నుంచి ప్రభుత్వోద్యోగులకు మూలవేతనంలో 20 శాతం బైశాఖీ భత్యం ఇచ్చింది. అదే ఏడాది శోభాయాత్రకు యునెస్కో గుర్తింపు వచ్చింది. పాఠశాలలకు యాత్ర జరపమని ఆదేశాలు వెళ్లాయి. సైనిక నియంతను ఎగతాళి చేయడానికి పుట్టిన ఊరేగింపు పోలీసు వలయంలో నడిచే అధికారిక కార్యక్రమమైంది. మరోవైపు కరోనా కాలంలో సర్కారును ఎత్తిపొడిచినందుకు కార్టూనిస్టు అహ్మద్ కబీర్ కిషోర్‌ను, రచయిత ముష్తాక్ అహ్మద్‌ను డిజిటల్ భద్రతా చట్టం కింద జైల్లో పెట్టారు. ముష్తాక్ 2021 ఫిబ్రవరిలో నిర్బంధంలోనే కన్నుమూశారు. వీధిలో బొమ్మలు మోయడానికి భత్యం, కాగితం మీద బొమ్మ గీస్తే జైలు! ప్రభుత్వం మీద కోపం వచ్చినవాడికి ప్రభుత్వం కౌగిలించుకున్న పండుగ మీద కూడా అనుమానం రావడం సహజం.

2024 ఆగస్టు 5న హసీనా దేశం విడిచి వెళ్లాక ఆ అనుమానం బహిరంగమైంది. జాతీయగీతాన్నే మార్చాలని ఒక మాజీ సైనికాధికారి సెప్టెంబరులో డిమాండు చేశారు, తాత్కాలిక ప్రభుత్వం అంగీకరించలేదు. 2025లో శోభాయాత్ర పేరులోంచి ‘మంగళ’ తొలగి ‘ఆనంద’ తిరిగి వచ్చింది. హసీనా పోలికలతో విద్యార్థులు చేసిన నియంత బొమ్మను పండుగకు రెండు రోజుల ముందు ఎవరో తగలబెడితే, రాత్రింబవళ్లు కూర్చుని మళ్లీ చేశారు. పుట్టుకను బట్టి చూస్తే ఆ బొమ్మ ఊరేగింపు స్వభావానికి దగ్గరిదే. సంజీదా ఖాతూన్ ఆ మార్చి 25న మరణించారు. ఆమె లేని తొలి ఏప్రిల్‌లో రమ్నాలో పాట యథావిధిగా సాగింది, గాజాలో చనిపోయినవారి కోసం సభ ఒక నిమిషం మౌనం పాటించింది.

సరిహద్దుకు ఇవతల బరాక్ లోయలో కూడా అదే పండుగ, అదే పాటలు. 1961 మే 19న, రవీంద్రుడి శతజయంతి జరుగుతున్న నెలలోనే, అస్సామీని ఏకైక అధికార భాష చేయడాన్ని వ్యతిరేకిస్తూ సిల్చర్ రైల్వే స్టేషన్ దగ్గర కూర్చున్నవారిపై పోలీసులు కాల్పులు జరిపితే 11 మంది మరణించారు. ఆ లోయలోనే కరీంగంజ్ జిల్లా ఉంది. దేశ విభజన దాకా అది సిల్హెట్‌లో భాగం. రవీంద్రుడు ఆ ప్రాంతాన్ని శ్రీభూమి అన్నాడు గనుక ఆయన మాట నిలబెడుతున్నామంటూ 2024 నవంబరులో అస్సాం ప్రభుత్వం జిల్లా పేరును శ్రీభూమిగా మార్చింది. 2025 అక్టోబరులో ఆ శ్రీభూమిలో జరిగిన ఒక కాంగ్రెస్ సమావేశంలో ఒక వృద్ధ కార్యకర్త ‘అమార్ సోనార్ బంగ్లా’ అందుకున్నారు. అది పరాయి దేశపు జాతీయగీతమని, పాడినవారిపై కేసు పెట్టాలని ముఖ్యమంత్రి హిమంత బిశ్వ శర్మ పోలీసులను ఆదేశించారు.