బీగం ఎయ్ పాపా!

ఐరాలలో పొద్దు గూకింది. పంచలో బల్బు కింద పాప చాప మీద కూర్చుని ఉంది, ఒళ్లో ‘మిన్నా నో నిహోంగొ’ అనే జపనీసు పాఠాల పుస్తకం. పక్కన అవ్వ చింతపండులో గింజలు తీస్తోంది. శ్రీసిటీలో ఇసుజు, కోబెల్కో లాంటి జపాన్ కంపెనీలున్నాయి. డిప్లొమాకి తోడు నాలుగు ముక్కలు వాళ్ల భాష కూడా వస్తే మంచిదని పాప ఈ పుస్తకం పట్టింది.

ఏడో పాఠంలో ‘కకెరు’ అంటే ఫోను చెయ్యడం. సరే. ఇరవై రెండో పాఠంలో అదే కకెరు కళ్లజోడు పెట్టుకోవడమైంది. అనుమానమొచ్చి ఫోనులో నిఘంటువు తెరిచింది. కోటు తగిలించడం, తాళం వెయ్యడం, ఇంజను స్టార్ట్ చెయ్యడం, ఇస్త్రీ చెయ్యడం, అన్నం మీద సాసు పొయ్యడం, ఎదుటివాళ్లని ఇబ్బంది పెట్టడం... ఆఖరికి గుణించడం కూడా: ని కకెరు సన్ వ రొకు, రెండు మూళ్లు ఆరు.

“ఒక్క మాటకి ఇన్ని అర్థాలా అవ్వా? ఎట్ట గుర్తుండేది?”

అవ్వ తలెత్తలేదు. “ముందు పెరటి వాకిలికి బీగం ఎయ్ పాపా. ఆవుకింత మేత ఎయ్. వస్తా వస్తా ఫ్యాను ఎయ్, ఉక్కగా ఉండాది.”

పాప రెండడుగులు వేసి ఆగింది. నవ్వొచ్చింది.

తిరిగొచ్చి ఏం రాస్తోందో చూడండి. ‘కగి ఒ కకెరు: బీగం ఎయ్.’ దాని కిందే ‘కగి గ కకరు: బీగం పడు.’ ఈ రెండో వరసలోనే ఉంది గమ్మత్తు. మనం వేస్తే కకెరు, అదే పడితే కకరు. గంట పడుతుంది అనడానికి కూడా వాళ్లు ‘ఇచిజికన్ కకరు’ అనే అంటారు. ఈ పోలికని పట్టుకుని జపాను వాళ్లతో చుట్టరికం కలపక్కర్లేదు. సుసుము ఓనో అనే పండితుడు జపనీసుని తమిళంతో కలిపాడు గానీ, భాషావేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు.

పైగా అన్ని చోట్లా ‘ఎయ్’ నడవదు. చొక్కా వేసుకోవడం కిరు, ప్యాంటు అయితే హకు, ఫ్యాను వెయ్యడం త్సుకెరు. టోపీ పెట్టుకోవడం కబురు. మన కబురు కాదులెండి.

“శ్రీసిటీకి ఎంత సేపు పడ్తాది?” అంది అవ్వ.

“నన్‌జికన్ కకరిమస్ క,” అని పాప ఆ ప్రశ్ననే జపనీసులోకి తిప్పింది.

కకెరుకి ఎదురుగా ఒకే తెలుగు మాట రాసుకుంటే లాభం లేదు. బీగంతో, ఫోనుతో, కళ్లజోడుతో కలిపి వాక్యంగా రాసుకోండి, పైకి చదవండి. జులైలో, డిసెంబరులో చెన్నైలో జరిగే జె.ఎల్.పి.టి. అనే జపనీసు భాషా పరీక్షలో ఎవరూ మాట్లాడించరు. ఆ అలవాటు మీ అంతట మీరే చేసుకోవాలి.