పత్తి బేలు మీది ముద్ర, కమిట్ మీది సంతకం

గిట్‌కి మన మీద నమ్మకం మరీ ఎక్కువ. కాన్ఫిగ్‌లో పేరు, ఈమెయిలు మార్చుకుంటే చాలు, నేను లైనస్ టోర్వాల్డ్స్ పేరుతో కూడా కమిట్ చేసేయొచ్చు. అడిగేవాడు లేడు. పేరు రాసుంది కాబట్టి ఆయనే చేశాడనుకోవడం ఎంత ప్రమాదమో పత్తి వ్యాపారానికి వందేళ్ల కిందటే తెలుసు.

ఆదోని అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్ళారి జిల్లాలో ఉండేది. కర్నూలు జిల్లాలో కలిసింది 1953లో, ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు. ఈ వైపు పత్తికి బజారులో 'వెస్టర్న్స్' అని పేరు. రైతు తెచ్చిన పత్తి జిన్నింగులో గింజ పోయి దూదవుతుంది, ప్రెస్సులో బిగిస్తే బేలవుతుంది. బిగించాక లోపలేముందో కొనేవాడికి కనపడదు కదా! అదే అదనుగా దేశమంతటా పొట్టి పింజ దూది కలిపేవాళ్లు, బరువు కోసం నీళ్లు చల్లేవాళ్లు. ఎక్కడో దూరాన మిల్లులో బేలు విప్పేసరికి ఇది ఎవరి పనో తేలేది కాదు. అనుమానంతో కొనేవాడు ఆ పేరున్న సరుకు మొత్తానికీ ధర తగ్గిస్తాడు. అంటే మంచి పత్తి తెచ్చిన రైతు కూడా మునిగినట్టే.

1917లో వేసిన ఇండియన్ కాటన్ కమిటీ 1919లో నివేదిక ఇచ్చింది. తర్వాత 1925లో కాటన్ జిన్నింగ్ అండ్ ప్రెస్సింగ్ ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. అందులో రెండు ముక్కలు మనకి ముఖ్యం. ఒకటి, ఎవరి పత్తి ఏ రోజు ఆడించారో మిల్లు రిజిస్టరు రాయాలి. రెండు, ప్రతి బేలు మీదా ఆ ఫ్యాక్టరీ ముద్ర, వరస నంబరు వేశాకే ప్రెస్సు నుంచి బయటికి పంపాలి.

పక్కనే ఉన్న ఎమ్మిగనూరు చేనేత ఊరు. చేనేతకీ ఇదే తంటా: పవర్‌లూమ్ బట్టని చేనేత అని అమ్మేస్తారు. కేంద్రం 2006లో హ్యాండ్‌లూమ్ మార్క్ తెచ్చింది అందుకే.

ఇప్పుడు మన సంగతికొద్దాం. 2021 మార్చిలో పీహెచ్‌పీ సోర్స్‌లోకి రెండు కమిట్లు వచ్చాయి. చూడ్డానికి అక్షరదోషం దిద్దినట్టు, నిజానికి బ్యాక్‌డోర్. ఒకటి రాస్మస్ లెర్డార్ఫ్ పేరుతో, ఇంకోటి నికితా పోపోవ్ పేరుతో. వాళ్లిద్దరికీ ఏ సంబంధమూ లేదు. రిలీజులోకి పోకముందే జనం పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. సంతకం తప్పనిసరి అయ్యుంటే ఆ పేర్లు ఉత్తుత్తివని చెక్ చేయగానే తేలిపోయేది.

గిట్‌లో కమిట్ మీద జీపీజీ సంతకం 2012 నుంచీ ఉంది. 2021 చివర్లో వచ్చిన 2.34 వెర్షన్ నుంచి, సర్వర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ కీ తోనే సంతకం చేయొచ్చు. కాన్ఫిగ్‌లో మూడే పనులు: సంతకం ఫార్మాట్ ఎస్ఎస్‌హెచ్ అని చెప్పాలి, ఏ కీ వాడాలో చూపించాలి, ప్రతి కమిట్‌కీ ఆటోమేటిగ్గా సంతకం పడేట్టు పెట్టాలి. టీములో ఎవరి పబ్లిక్ కీ ఏదో రాసుకునే ఫైలు ఇంకోటి ఉంటుంది. అదే మన రిజిస్టరు. అది లేకపోతే సంతకం ఎవరిదో పోల్చుకోలేం.

సిరాతో వేసిన ముద్రని ఎవడైనా కాపీ కొట్టొచ్చు, బేలు విప్పి మళ్లీ బిగించొచ్చు. కమిట్ సంతకం అలా కాదు, లోపలి సరుకుతోనే ముడిపడి ఉంటుంది. ఒక్క అక్షరం మారినా చెల్లదు. అయితే సంతకం ఉన్నంత మాత్రాన కోడు మంచిదని కాదు. బగ్గులకి సంతకం అడ్డం రాదు :-) కాకపోతే ఎవర్ని అడగాలో తెలుస్తుంది, ఎవర్ని అడగకూడదో కూడా తెలుస్తుంది. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోయినప్పుడు అందరూ ముందు చూసేది ఆ లైను పక్కనున్న పేరే కదా. అది నిన్నగాక మొన్న చేరిన ఫ్రెషర్ పేరైతే, తను చేయలేదని ఆ పిల్లాడు దేనితో రుజువు చేసుకోవాలి?

అంచేత ఈ వారాంతం ఓ పావుగంట కూర్చుని ఆ మూడు పనులూ చేసేయండి. ప్రైవేట్ కీకి పాస్‌ఫ్రేజ్ మాత్రం మర్చిపోవద్దు. ముద్ర వేసే అచ్చు పక్క మిల్లువాడి చేతిలో పెట్టాక ముద్ర ఉండి ఏం లాభం?