గోబర్ గ్యాస్ ఫైళ్ళు

ప్రత్యేక సంచికకు పాత సంగతి ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగితే నాకు గోబర్ గ్యాసే గుర్తుకొచ్చింది. సమితి ఆఫీసుల్లో, ఆ తర్వాత మండలాల్లో పనిచేసిన మిత్రులకు ఆ ఫైళ్ళు జ్ఞాపకం ఉండే ఉంటాయి.

ఇదేమీ కొత్త విద్య కాదు. 19వ శతాబ్దం చివరలోనే బొంబాయి మాటుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో మలం నుంచి గ్యాస్ తీసి దీపాలు వెలిగించారు. 1930ల చివర ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఎస్.వి. దేశాయి పేడ మీద ప్రయోగాలు చేశారు. 1950లలో జష్‌భాయి పటేల్ ఇనుప డ్రమ్ము బోర్లించిన నమూనా తయారుచేసి ‘గ్రామలక్ష్మి’ అని పేరు పెట్టారు. 1960ల మొదట్లో ఖాదీ కమిషన్ దాన్ని చేపట్టి ఊళ్ళకు చేర్చింది. 1973లో పెట్రోలు ధరలు మండిపోయాక ప్రభుత్వానికీ పేడ మీద గౌరవం పెరిగింది. 1981–82లో కేంద్రం జాతీయ పథకం పెట్టి సబ్సిడీ ఇచ్చింది.

నూతిలాంటి గుంతలో పేడ, నీళ్ళు సమంగా కలిపి పోస్తే గాలి తగలని చోట సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. గ్యాస్ నిండేకొద్దీ డ్రమ్ము పైకి లేస్తుంది. మిగిలిన పేడ మంచి ఎరువు. అంతా బాగానే ఉంది. అయితే ఒక ఘనపు మీటరు గ్యాసుకు సుమారు 25 కిలోల పేడ కావాలి. చిన్న సంసారానికి రెండు ఘనపు మీటర్లయినా లేనిదే వంట సాగదు. అంటే పాకలో నాలుగైదు పశువులుండాలి. కూలిజనం ఇళ్ళకు ఈ పథకం అందకపోవడానికి కారణం అదే. పైగా ఆసామి పేడ గుంతలోకి పోతే, పిడకలకని ఏరుకునే పేదరాలికి అదీ లేకుండా పోయింది. ఈ సంగతి ఏ ఫైల్లోనూ ఉండేది కాదు.

డ్రమ్ము తుప్పు పట్టేది, ఖరీదూ ఎక్కువే. అందుకని 1978లో ఇటుక గుమ్మటంతో ‘జనతా’, 1984లో ఇంకా చవకగా ‘దీనబంధు’ నమూనాలు వచ్చాయి.

ఆ రోజుల్లో నేనొక ఆఫీసులో గుమాస్తాని. కట్టడం అయిపోతే ‘పూర్తయినది’ అని రిజిస్టరులో రాసి బిల్లు పంపేవాణ్ణి. ఏళ్ళ తర్వాత వేరే పని మీద ఒక ఊరెళ్ళి, నేను రాసిన పేరున్న ఇల్లు చూశాను. గుంత నిండా ఎండుగడ్డి, డ్రమ్ము మీద గుమ్మడి తీగ. “గేదెల్ని అమ్మేశాం బాబూ, దుక్కికి ట్రాక్టరొచ్చాక ఎడ్లూ పోయాయి” అంది ఆ ఇంటి పెద్దావిడ. ఆ పక్క వీధిలోనే ఇంకొకరింట్లో నీలిమంట మీద కాచిన టీ తాగాను. కట్టెల పొయ్యి వదిలాక కళ్ళమంట పోయిందని ఆ ఇల్లాలు చెప్పింది. నా రిజిస్టరులో ఆ రెండిళ్ళకూ ఒకటే మాట.

ఇప్పుడు ఇళ్ళకంటే పెద్ద ప్లాంట్ల మీదే ఆశ. హైదరాబాదు బోయినపల్లి మార్కెట్లో రోజుకు పది టన్నుల కూరగాయల చెత్తతో 500 యూనిట్ల కరెంటు తీస్తున్న వైనం 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో వచ్చింది. వరిగడ్డి, చెరకు మడ్డి నుంచి గ్యాస్ తీసి వాహనాలకు వాడేందుకు కేంద్రం 2018లోనే ఇంకో పథకం మొదలుపెట్టింది. దాని రిజిస్టర్లు రాసేవాళ్ళు ఏ మాట వాడుతున్నారో!

మీ ఊళ్ళో పాత గోబర్ గ్యాస్ ఇంకా వెలుగుతున్న ఇల్లు ఉంటే వచ్చే సంచికకు రాయండి. డ్రమ్ముదా, గుమ్మటానిదా అన్నది కూడా మరచిపోకండి.