చారిత్రక చర్చిల్లో సందర్శకులు, లోపలి వాతావరణం, చిత్ర సంరక్షణ

పాత చర్చిల గోడల మీది చిత్రాలు, చెక్క శిల్పాలు, పలకల మీద వేసిన వర్ణచిత్రాలు అక్కడికి వచ్చే జనం వల్ల ఎలా దెబ్బతింటాయో, ఆ నష్టాన్ని తగ్గించడానికి ఏయే పద్ధతులు వచ్చాయో వివరించే విషయం ఇది. సంరక్షణ శాస్త్రంలో ఇది 20వ శతాబ్దం ఉత్తరార్ధంలో వేరే శాఖగా రూపుకట్టింది. చెప్పుకోదగ్గ కృషి ఇటలీలో జరిగింది.

నష్టం జరిగే తీరు

ఊరికే నిలబడి ఉన్న మనిషి ఒంటి నుంచి దాదాపు 100 వాట్ల వేడి బయటికి వస్తుంది. ఊపిరి, చెమటల ద్వారా గంటకు సుమారు 50 గ్రాముల నీటి ఆవిరి గాలిలో కలుస్తుంది. వదిలిన ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు 4 శాతం దాకా ఉంటుంది. వీటికి తోడు చెప్పుల దుమ్ము, బట్టల నూగు, చర్మపు పొట్టు, వాన రోజుల్లో తడి కోట్ల చెమ్మ వచ్చి చేరతాయి.

వేడెక్కిన గాలి పైకి లేచి చల్లటి రాతి గోడను తాకినప్పుడు అందులోని తేమ గోడ మీద నీరుగా పేరుకుంటుంది. గాలిలోని మసి, ధూళి కూడా వెచ్చని చోటు వదిలి చల్లని ఉపరితలాల మీదే ఎక్కువగా వాలతాయి. గోడ తడిసి ఆరిన ప్రతిసారీ లోపలి లవణాలు కరిగి మళ్లీ గడ్డకడతాయి. దానితో చవుడు పట్టి రంగు పెచ్చులూడుతుంది. బయటి నుంచి గంధక వాయువులు వస్తే తేమతో కలిసి సున్నపు పూతను జిప్సంగా మారుస్తాయి. తడి సున్నపు పూత మీద వేసే ఫ్రెస్కో చిత్రంలో రంగును పట్టి ఉంచేది ఆ సున్నమే కనుక ఈ మార్పు ప్రమాదకరం. చెక్కకు వచ్చే బాధ వేరు. తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. పైనున్న రంగు పొర దానితోపాటు సాగలేక చిట్లుతుంది.

తొలి దశ

మధ్యయుగాల నుంచి 19వ శతాబ్దం దాకా చర్చి చిత్రాలకు ముఖ్య శత్రువులు కొవ్వొత్తుల మసి, కారే పైకప్పులు. చిత్రాలకు చేసిన చికిత్స అంతా తుడవడం, జిగురు పూయడమే. వాటికన్‌లోని సిస్టైన్ చాపెల్ అనే ప్రార్థనాలయపు కప్పును 1625లో సిమోనె లాజీ రొట్టెతో రుద్ది శుభ్రం చేశాడు. 1710 తర్వాత మాత్సువోలీ స్పంజీలతో, గ్రీకు వైన్‌తో కడిగాడు.

జనం ఊపిరి కూడా చిత్రాన్ని పాడుచేయగలదని లోకానికి చాటింది చర్చి కాదు, ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ. 1940లో బయటపడి, 1948లో ప్రజలకు తెరిచిన ఆ గుహలో గోడలు పాకుడు పట్టడంతో 1963లో దాన్ని మూసివేశారు. ప్రార్థన జరిగే చర్చిని అలా మూయడానికి వీల్లేదు. అందువల్ల జనాన్ని రానిస్తూనే గాలిని కాపాడే మార్గం వెతకాల్సి వచ్చింది.

పాదువాలోని స్క్రోవెన్యీ చాపెల్

ఈ వెతుకులాటకు ఉత్తమ ఉదాహరణ ఉత్తర ఇటలీలోని పాదువా నగరంలో ఉంది. ఎన్రికో స్క్రోవెన్యీ అనే ధనికుడు 1300లో పాత రోమన్ రంగస్థలం ఉన్న నేలను కొని అక్కడ చాపెల్ కట్టించాడు. 1305 మార్చి 25న దానికి ప్రతిష్ఠ జరిగింది. లోపలి గోడలను చిత్రకారుడు జొత్తో ఫ్రెస్కోలతో నింపాడు.

చాపెల్‌ను ఆనుకుని ఉన్న స్క్రోవెన్యీ భవంతిని 1827లో కూల్చివేయడంతో ఆ వైపు గోడ వానకు, గాలికి బయటపడింది. 1880ల ఆరంభంలో నగర పాలకులు చాపెల్‌ను సొంతం చేసుకున్నారు. 1944 మార్చి 11న పడిన బాంబులు పక్కనే ఉన్న ఎరెమితానీ చర్చిలో చిత్రకారుడు మాంతెన్యా వేసిన చిత్రాలను చాలావరకు నాశనం చేశాయి. జొత్తో గోడలు మిగిలాయి. 1960లలో లెయోనెత్తో తింతోరీ వాటికి మరమ్మతు చేశాడు.

ఆ తర్వాతి దశాబ్దాల్లో అసలు చిక్కు తెలిసివచ్చింది. వీధి వాహనాల పొగ తలుపు తెరిచినప్పుడల్లా లోపలికి వస్తోంది. జనంతో వచ్చిన తేమ దానికి తోడై సున్నాన్ని జిప్సంగా మారుస్తోంది. 1939లో ఏర్పడిన రోమ్‌లోని కేంద్ర పునరుద్ధరణ సంస్థ 1970ల నుంచి ఇక్కడి గోడలను, గాలిని పరిశీలించింది. గోడకు చికిత్స చేసే ముందు గాలిని సరిదిద్దాలన్న వివేకవంతమైన నిర్ణయానికి దాని నిపుణులు వచ్చారు.

ఆ ప్రకారం 2000 మే 31న చాపెల్ పక్కన గాజు గోడల నిరీక్షణ గదిని ప్రారంభించారు. గరిష్ఠంగా 25 మంది ఉన్న గుంపు అందులో 15 నిమిషాలు కూర్చుంటుంది. ఆలోగా గాలి వడపోత యంత్రాలు వారితో వచ్చిన ధూళిని తీసేస్తాయి, తేమ, వేడి చాపెల్ లోపలి స్థాయికి దగ్గరవుతాయి. బయటి తలుపు, చాపెల్ తలుపు ఒకేసారి తెరుచుకోవు. చాపెల్‌లోనూ పావుగంట వరకే అనుమతి. చిత్రాల శుభ్రత, మరమ్మతు ఆ తర్వాతే, 2001–2002లో, జుజెప్పె బాసిలె నాయకత్వంలో జరిగాయి. 2021లో ఈ చాపెల్‌తో సహా పాదువాలోని 14వ శతాబ్దపు ఫ్రెస్కోలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

వాటికన్, మిలాన్

సిస్టైన్ చాపెల్‌లో మైకలాంజెలో చిత్రాల శుద్ధి 1980లో జాన్‌లూయిజీ కొలలూచ్చీ ఆధ్వర్యంలో మొదలైంది. ‘అంతిమ తీర్పు’ చిత్రాన్ని 1994 ఏప్రిల్‌లో తిరిగి ఆవిష్కరించారు. శుద్ధి సాగుతుండగానే దారియో కమూఫో వంటి శాస్త్రజ్ఞులు లోపలి గాలి కదలికలను కొలిచారు. 1993లో ఒకేసారి 700 మంది ఉంటారన్న అంచనాతో గాలిశుద్ధి యంత్రాలు పెట్టారు. జనం ఆ అంచనాను మించిపోవడంతో 2014లో 2,000 మందికి సరిపడే కొత్త వ్యవస్థను అమర్చారు. ఏటా సందర్శకులు 60 లక్షలకు మించరాదని అప్పటి వాటికన్ మ్యూజియంల అధిపతి అంతోనియో పావోలూచ్చీ ప్రకటించాడు.

మిలాన్‌లో లియొనార్డో ‘చివరి విందు’ ఉన్నది చర్చిలో కాదు, దాన్ని ఆనుకున్న మఠపు భోజనశాలలో. పినిన్ బ్రాంబిల్లా రెండు దశాబ్దాలు శ్రమించి చేసిన పునరుద్ధరణ తర్వాత 1999 మేలో తిరిగి తెరిచినప్పుడు అక్కడా 25 మంది, 15 నిమిషాల నియమం పెట్టారు.

ప్రమాణాలు

చలిదేశాల్లో ఆదివారం ప్రార్థనకు గంటపాటు చర్చి అంతటినీ వేడిచేసి ఆపేయడం చెక్క వస్తువులకు జనంకన్నా ఎక్కువ చేటు చేస్తుంది. జనం కూర్చునే బల్లలను మాత్రమే వెచ్చబరిచే విధానాన్ని ఇటలీలోని రొక్కా పియెతోరె చర్చిలో పరీక్షించారు. తేమ హెచ్చుతగ్గులపై 2010లో, చర్చిలను వేడిచేసే పద్ధతులపై 2011లో ఐరోపా ప్రమాణాలు వెలువడ్డాయి.

భారతదేశంతో సంబంధం

ఇటలీ నిపుణుల పని తెలుగువారికి పూర్తిగా కొత్త కాదు. అజంతా గుహలు హైదరాబాద్ సంస్థానంలో ఉండగా, నిజాం ప్రభుత్వం 1920లో చెక్కోనీ, ఒర్సీనీ అనే ఇద్దరు ఇటాలియన్లను రప్పించి అక్కడి చిత్రాలకు మరమ్మతు చేయించింది. వారు పూసిన వార్నిష్ కాలక్రమేణా పసుపురంగుకు తిరగడంతో తర్వాతి తరాలు దాన్ని తొలగించాల్సి వచ్చింది.

ప్రస్తుత స్థితి

ఈ చరిత్రలో రెండు దారులు కనిపిస్తాయి. వాటికన్‌లో జనానికి తగ్గట్టు యంత్రాన్ని పెంచారు. పాదువాలో గోడ ఓర్చుకోగలిగినంతకు జనాన్ని కుదించారు. యంత్రం ఆగినా నష్టం పరిమితంగా ఉండేది రెండో దారిలోనే. స్క్రోవెన్యీ చాపెల్ చూడదలచినవారు ఇప్పటికీ ముందుగా సమయం ఖాయం చేసుకుని టికెట్ తీసుకోవాలి.