గుడ్డు తినడానికా, పొదగడానికా?

ఆరు నెలలు మేపినా పెట్ట ఇంకా గుడ్లకు రాలేదని పెరట్లో కోళ్లు పెంచేవాళ్లు ఇప్పుడు విసుక్కుంటున్నారు. ఆ విసుగు పాతది కాదు. మన పల్లెల్లో కోడిని పెంచిందే గుడ్ల కోసం అనుకోవడం, నిన్నమొన్నటి అలవాటును తాతల కాలానికి అంటగట్టడం. అప్పట్లో గుడ్డు ముందు విత్తనం, మిగిలితేనే తిండి.

నాటుకోడి ఏడాది లెక్క చూస్తే ఇది తేలిపోతుంది. ఆరేడు నెలల వయసులో జుట్టు ఎర్రబడుతుంది. పెట్ట సన్నగా కూస్తూ గంపల సందులూ గడ్డివాము మూలలూ వెతుక్కుంటుంది. 12, 15 గుడ్లు పెట్టాక పొదుగుకు కూర్చుంటుంది. ఇల్లాలు గంపలో ఊక పరిచి గుడ్లు పెడుతుంది; కొన్నాళ్లు పొదిగాక వాటిని ఒక్కొక్కటిగా వెలుగుకు పట్టి చూసి, వట్టివి ఏరేస్తుంది. 21 రోజులు పొదుగు, ఆపైన రెండు మూడు నెలలు పిల్లల్ని వెంటేసుకు తిరగడం. ఇలా ఏడాదికి మూడు విడతలు, మహా అయితే నాలుగు; మొత్తం నలభై నుంచి అరవై గుడ్లు. అంటే గుడ్లు పెట్టే రోజులకన్నా తల్లిగా గడిపే రోజులే ఎక్కువ. హ్యాచరీలు లేని కాలంలో పొదగని పెట్ట వంశం దానంతటది నిలవదు కాబట్టి, తరాల పాటు పొదిగే పెట్టల పిల్లలే మిగిలాయి. మనం సోమరితనం అనుకుంటున్నది ఆ ఎంపిక ఫలితమే. ఇక అసీల్ సంగతి వేరే చెప్పాలా? పందెం పుంజు కోసం పెంచిన ఆ జాతిలో గుడ్ల సంఖ్య ఎవరికీ పట్టలేదు.

తిండి చాలకే నాటుకోడి తక్కువ పెట్టిందనే వాదన ఉంది. పెంటకుప్ప మీద ఏరుకున్న గింజలకూ పురుగులకూ గుప్పెడు నూకలు తోడైతే గుడ్లు కొంత పెరుగుతాయి, నిజమే. కానీ ఎంత మేపినా పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్డు పెట్టదు. అడ్డు మేత కాదు, పొదుగు. గుడ్లు సంతలో అమ్మేవారు కదా, బాలింతకు పెట్టేవారు కదా అన్నది మరో మాట. అదీ నిజమే. అయితే చాలామట్టుకు అవి పొదుగుకు పెట్టగా మిగిలినవి, లేదా నిలవ ఉండని ఎండాకాలపు గుడ్లు. చేతికి నిజంగా డబ్బు వచ్చేది పెరిగిన కోడిని అమ్మినప్పుడే.

లెక్క మారింది పొదుగు మానిన వైట్ లెగ్‌హార్న్ కోడి జాతితో. గుడ్ల ఉత్పత్తి పరిశ్రమగా ఎదుగుతున్న క్రమంలోనే 1971లో బి.వి. రావు వెంకటేశ్వర హ్యాచరీస్ స్థాపించారు. 1982లో నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ వచ్చింది. బోనులో ఏడాదికి సుమారు 300 గుడ్లు పెట్టే కోడిని చూసిన కంటికి పెరటి పెట్ట వెలితిగా కనబడడంలో ఆశ్చర్యం లేదు. ఆ వెలితి పూడ్చడానికే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన కోళ్ల పరిశోధన సంస్థ గ్రామప్రియ, వనరాజా రకాలను తయారుచేసింది. గ్రామప్రియ నాటుకోడికి రెండు మూడింతలు పెడుతుంది. కాకపోతే ఈ రకాలు సాధారణంగా పొదగవు. సంకరాలు కాబట్టి ఎక్కువ గుడ్లు పెట్టే గుణం పిల్లల్లో అలాగే నిలవదు కూడా. గుడ్లే కావాలంటే గ్రామప్రియను తెచ్చుకోండి, మళ్లీ పిల్లల కోసం హ్యాచరీకి వెళ్లాల్సిందే. మంద ఇంట్లోనే పెరగాలంటే మాత్రం నాటుపెట్టను ఉంచుకోండి, యాభై గుడ్లతో సరిపెట్టుకోండి.