కొయ్య లోపాలు – పూరక ద్రవ్యాల ఎంపిక: బృహత్సంహిత నుండి కొండపల్లి మక్కు వరకు

ఉపోద్ఘాతం

కణుపు, తొర్ర, పురుగు తొలిచిన రంధ్రం, ఆరేటప్పుడు విచ్చిన పగులు – ఇవి లేని కొయ్య అరుదు. వీటిని ఎదుర్కొనడానికి వడ్రంగి ముందు రెండు మార్గాలున్నాయి. ఒకటి, లోపమున్న కొయ్యను విడిచిపెట్టడం. రెండు, లోపాన్ని పూడ్చి ఆ కొయ్యనే వాడుకోవడం. మొదటి మార్గానికి శాస్త్రగ్రంథాలలో స్పష్టమైన ఆధారాలు లభిస్తాయి. రెండవదాని చరిత్ర ప్రధానంగా వృత్తికారుల చేతులలోనే నిలిచి ఉంది. గ్రంథంలోని 'వజ్రలేపం' వంటి మాటను ఆధారం చేసుకొని ఈ రెండు మార్గాలనూ ఒకే సంప్రదాయంగా కలిపివేస్తే వృత్తికారుల జ్ఞానం గ్రంథం నీడలో మరుగునపడుతుంది. ఆ రెంటినీ విడదీసి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బృహత్సంహిత: ఆరు విధాల రంధ్రాలు

క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని శయ్యాసన లక్షణాధ్యాయంలో మంచాలకు, పీఠాలకు వాడే కొయ్యను గురించి చెబుతూ అందులోని రంధ్రాలను ఆరు రకాలుగా విభజించాడు. కుండవలె లోపల బోలుగా, మూతి వద్ద ఇరుకుగా ఉండేది నిష్కుటం. అనప గింజంత లేదా మినపగింజంత ఉండి నీలవర్ణం కలది కోలాక్షం. ఎగుడుదిగుడుగా, రంగు మారి, ఒకటిన్నర పర్వం పొడవుండేది సూకరనయనం. ఎడమకు తిరిగి, చీలి, ఒక పర్వం పొడవుండేది వత్సనాభం. నల్లనిది కాలకం. విచ్చిపోయినది ధుంధుకం. వీటికి ధననాశం, కులనాశం, శస్త్రభయం, రోగభయం మొదలైన ఫలాలు చెప్పబడ్డాయి. పురుగు తొలిచిన రంధ్రం, అంతటా కణుపులు నిండిన కొయ్య కూడా శుభప్రదం కావు.

శకునఫలాలను పక్కన పెట్టి చూస్తే ఈ విభజనకు ఆధారాలైనవి ఆకారం, పరిమాణం, రంగు. పూరకాన్ని ఎంచుకునేవాడు నేటికీ పరిశీలించేవి ఇవే. మూతి ఇరుకుగా, లోపల విశాలంగా ఉన్న తొర్రలో ముద్దను కూరితే లోపల గాలి చిక్కుకొని బోలు మిగిలిపోతుంది. చీలికలో పెట్టిన ముద్ద పరిస్థితి వేరు. చీలిక అంచులు తేమతో పాటు కదులుతూ ఉంటాయి కనుక అక్కడ ముద్దపై ఒత్తిడి ఎక్కువ. కొయ్య రంగులోనే ఉన్న రంధ్రం అంత దోషయుక్తం కాదన్న వరాహమిహిరుని మినహాయింపు మరింత గమనింపదగినది. రంగు మారడం కొయ్యకు శిలీంధ్రం సోకిందనడానికి ఒక గుర్తు కావచ్చు. అట్టి చోట రంధ్రాన్ని పూడ్చినా దాని చుట్టూ ఉన్న కొయ్య నిలువదు. ఈ అన్వయం గ్రంథంలో లేదు. అయినా లోపాన్ని కంటితో చూసి తీవ్రతను అంచనా కట్టే అనుభవం ఆ మినహాయింపు వెనుక ఉండి ఉండవచ్చు.

ఈ శ్లోకాలలో రంధ్రాన్ని దేనితో పూడ్చాలన్న ప్రస్తావన లేదు. ఇక్కడి శాస్త్రదృష్టి ఎంపికకు సంబంధించినది, మరమ్మతుకు సంబంధించినది కాదు.

వజ్రలేపం పరిధి

అదే గ్రంథంలో వజ్రలేపానికి వేరే అధ్యాయం ఉంది. పచ్చి తిందుక ఫలాలు, పచ్చి వెలగకాయలు, బూరుగుపూలు, వస మొదలైన వాటిని ద్రోణం నీటిలో ఎనిమిదవ వంతు మిగిలేవరకు కాచి, అందులో గుగ్గులు, సర్జరసం, జీడి, అవిసె, మారేడు మొదలైనవి చేర్చాలి. మరొక విధానంలో లక్క, గుగ్గులు, ఇంటి మసి, వెలగ, మారేడు గుజ్జు కనిపిస్తాయి. వేరొకదానిలో పశువుల కొమ్ములు, తోళ్ళు చేరుతాయి. ఈ లేపాన్ని వేడిగా పూయవలసిన స్థానాలుగా దేవాలయాలు, భవనాలు, లింగాలు, ప్రతిమలు, గోడలు, బావులు పేర్కొనబడ్డాయి.

ప్రతిమలలో దారుప్రతిమలు కూడా ఉండవచ్చు కనుక కొయ్యతో దీనికి సంబంధం లేదని తీర్మానించలేము. కాని రంధ్రాలను వర్గీకరించిన అధ్యాయం వజ్రలేపాన్ని సూచించదు. వజ్రలేపాధ్యాయం కొయ్య రంధ్రాలను పేర్కొనదు. కాబట్టి దీనిని ప్రాచీన కొయ్య పూరకంగా ఉదాహరించడానికి గ్రంథస్థ ఆధారం చాలదు.

పోల్చి చూడడానికి ఇటలీలో సుమారు 1400 ప్రాంతంలో చెన్నీనో చెన్నీని రచించిన చిత్రకళాగ్రంథం ఉపకరిస్తుంది. చిత్రఫలకంలోని కణుపులను, లోపాలను జిగురు, రంపపుపొట్టు కలిపిన ముద్దతో పూడ్చమని అతడు చెప్పాడు. చెన్నీని స్వయంగా చిత్రకారుడు. పనిచేసేవాడే గ్రంథకర్త అయినందున పూరకం గ్రంథంలోకి ప్రవేశించింది.

తెల్లపొణికి, చింతగింజల మక్కు

తెలుగునాట ఆ జ్ఞానం రాతలో కాక పనిలో కనిపిస్తుంది. విజయవాడ సమీపంలోని కొండపల్లిలో బొమ్మలకు వాడేది తెల్లపొణికి. ఇది తేలికైన మెత్తని కొయ్య. తేమ పోయేలా కాచి ఆరబెట్టిన కొయ్యతో శరీరభాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపి చేసిన మక్కుతో అతుకుతారు. అతుకుల వద్ద మిగిలిన సందులను పూడ్చి ఆకారాన్ని సరిదిద్దేదీ ఈ మక్కే. దానిపై సున్నపు పూత, ఆ పైన రంగులు వేస్తారు. చేర్యాలలో ఇదే జాతి ముద్ద మరొక పాత్ర ధరిస్తుంది. అక్కడ చింతగింజల జిగురు, రంపపుపొట్టు ముద్దతో బొమ్మ శరీరమే తయారవుతుంది. ఒకచోట సందును నింపేది మరొకచోట రూపమే అయింది.

ఈ ఎంపికకు పదార్థశాస్త్రం సమర్థన ఇస్తుంది. 1942లో టి.పి. ఘోష్, ఎస్. కృష్ణ అనే భారతీయ శాస్త్రజ్ఞులు పొట్టు తీసిన చింతగింజలలో 46 నుండి 48 శాతం వరకు జెల్లీగా మారే పదార్థం ఉందని ప్రకటించారు. మక్కులో బంధకం అదే. రంపపుపొట్టు కొయ్య స్వభావాన్ని నిలుపుతుంది. కొయ్య నారవెంట దాదాపు మారకపోయినా, నారకు అడ్డంగా తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. వార్షిక వలయాల వెంబడి ఆ మార్పు వ్యాసార్థదిశలో కంటే సుమారు రెట్టింపు. మెత్తని పొణికిలో గట్టి పూరకం ఉంటే, కొయ్య ఉబ్బినప్పుడు ఓడిపోయేది కొయ్యే. దాని కణాలు నలిగి, తిరిగి ఆరినప్పుడు అంచు వెంట కొత్త సందు ఏర్పడుతుంది. కొయ్యకంటే బలహీనమైన పూరకం ఆ ఒత్తిడిని తాను భరిస్తుంది.

మక్కుకు పరిమితులు లేకపోలేదు. నీరు తగిలితే మెత్తబడుతుంది. పిండిపదార్థం కావడంతో పురుగును ఆకర్షిస్తుంది. ఇంటిలోపల కొలువుదీరే బొమ్మకు అది సరిపోతుంది, ఎండవానలలో నిలిచే ద్వారబంధానికి సరిపోదు. పూరకం మంచిచెడ్డలు వస్తువు ఉండే చోటును బట్టి నిర్ణయమవుతాయి.

పూరకం – చారిత్రక సాక్ష్యం

వస్తుసంరక్షణ రంగంలో ఈ సూత్రం ఆలస్యంగా పరిశోధనాంశమైంది. 1988లో డేవిడ్ గ్రాటన్, రాబర్ట్ బార్‌క్లే 'స్టడీస్ ఇన్ కన్సర్వేషన్' పత్రికలో కొయ్య వస్తువుల సందులను పూడ్చే ద్రవ్యాలపై తులనాత్మక అధ్యయనాన్ని ప్రచురించారు. కొయ్య కదలికకు లొంగే గుణమే అక్కడ ప్రధాన పరీక్ష. తిరిగి తొలగించడానికి వీలుండడం, చుట్టూ ఉన్న కొయ్యకు హాని చేయకపోవడం నేడు సంరక్షకులు అంగీకరించిన ప్రమాణాలు.

ఇక్కడే పాత బొమ్మల సమస్య ఎదురవుతుంది. సందు విచ్చిన కొండపల్లి బొమ్మను కృత్రిమ జిగురు ముద్దతో సరిచేస్తే పైకి అది నిండుగా కనిపిస్తుంది. కాని పాత మక్కును గీకివేసినప్పుడు, అందులోని బంధకం ఏమిటి, ఏ కొయ్య పొట్టు కలిసింది, ఎన్నిసార్లు మరమ్మతు జరిగింది అనే ప్రశ్నలకు సమాధానం కూడా పోతుంది. వృత్తికారులు రాతపూర్వకంగా విడిచిపెట్టని చరిత్రకు ఆ ముద్దే పత్రం.

ముగింపు

శాస్త్రం దోషమున్న కొయ్యను వద్దన్నది. వృత్తి దానితో ఎలా పనిచేయాలో నేర్చుకున్నది. మొదటిదానికి శ్లోకాలు మిగిలాయి, రెండవదానికి బొమ్మల అతుకులలోని మక్కు మిగిలింది. కనుక సేకరణశాలలలోని దారువస్తువులను నమోదు చేసేటప్పుడు కొయ్య జాతి, రంగులతో పాటు పూరక ద్రవ్యాన్నీ వివరించడం, మరమ్మతుకు ముందే దాని నమూనాను భద్రపరచడం అవసరం. అప్పుడే తెలుగు దారుశిల్ప చరిత్రలో గ్రంథానికి ఉన్న స్థానం పనివాని చేతికీ దక్కుతుంది.