చిక్కపేటలో బ్యాటరీ పరీక్ష

1537వ సంవత్సరమున కెంపేగౌడ పునాది వేసిన బెంగళూరు పేటలో ఒక్కొక్క వీధి ఒక్కొక్క వృత్తికి నెలవై వర్ధిల్లెను. అక్కిపేటలో బియ్యము, అరళెపేటలో దూది, గాణిగరపేటలో నూనె, కుంబారపేటలో కుండలు, వీని నడుమ పట్టుబట్టల వ్యాపారమునకు పేరుపొందిన చిక్కపేట. తెలుగు మాటలాడు బలిజలును, తొగటలును ఈ పేటలలో తరతరములుగ వర్తకమును, నేతను సాగించుచు వచ్చిరి; నేటికిని ఆ యంగళ్లలో బేరము కన్నడమున మొదలై తెలుగున ముగియుట కద్దు.

ఆ చిక్కపేటనుండి నడచి పోదగిన దూరముననే సదర్ పత్రప్ప రోడ్డు గలదు. జనులు దానిని ఎస్.పి. రోడ్డని మాత్రమే యెరుగుదురు. రెసిస్టర్లు, కెపాసిటర్లు, తీగచుట్టలు, చార్జర్లు, సెల్లులు, మల్టీమీటర్లు, ఒకటన నేల, విద్యుత్తుతో నడచు ఏ యంత్రమునకు ఏ చిన్న భాగము కావలసినను వెదకికొనుటకు బెంగళూరివారు మొదట పోవునది ఆ వీధికే. ఉదయము లేచి తాళము త్రిప్పినను కదలని ఎలక్ట్రిక్ బండి గలవాడు, నేడు కాకున్న రేపైనను, ఆ వీధి మెట్టెక్కక తప్పదు. అచటి పనివారి పరీక్షావిద్య నిన్న మొన్నటిది కాదు. దాని వెనుక చరిత్రను గ్రహించినవానికే, ఇంటియొద్ద తాను చేయదగినది ఎంతవరకు, చేయరానిది ఎచట మొదలగును అను వివేకము కలుగునని నా నమ్మకము.

1902లో శివనసముద్ర జలపాతమునుండి పుట్టిన విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్లు తీగలపై ప్రయాణించి కోలారు బంగారు గనులకు చేరెను. 1905 ఆగస్టు 5వ తేదీన బెంగళూరున, నేటి కృష్ణరాజేంద్ర మార్కెట్టు ప్రాంతమున, విద్యుద్దీపములు వెలిగెను. అయితే తీగపై వచ్చు విద్యుత్తును మూటగట్టి వెంట గొనిపోవుటకు వీలులేదు. ఆ పనికి 1859లో ఫ్రాన్సు దేశీయుడైన ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీయే గతి యయ్యెను. మోటారు కార్లును, లారీలును పెరిగిన కొలది బ్యాటరీలకు చార్జి యెక్కించుట, మరమ్మతు చేయుట యొక బ్రతుకుతెరువై నిలిచెను.

ఆ పాత బ్యాటరీ యెంత నిష్కపటమైన వస్తువో నేటివారికి తెలియదు. గట్టి రబ్బరు పెట్టెలో మూడు గదులున్న 6 వోల్టులు, ఆరు గదులున్న 12 వోల్టులు. గదికి 2 వోల్టులు. మూతల చుట్టును కీలు పోసి బిగించెడివారు. గదిని గదితో కలుపు సీసపు పట్టీలు పైకే కనబడుచుండెడివి గనుక, రెండు ముండ్ల పరీక్షాయంత్రమును ఒక్కొక్క గదిపై నుంచి, ఏ గది బలహీనమో పనివాడు నిమిషములో పోల్చుకొనెడివాడు. హైడ్రోమీటరుతో ఆమ్లమును పీల్చి చూచిన, నిండు బ్యాటరీలో సాంద్రత 1.280 దరిదాపుల నుండును; ఒట్టిపోయినదానిలో 1.120కి దిగును. చెడిన గది యొక్కటే యైనచో కీలు కరగించి, ఆ గది పలకలను మాత్రము మార్చి, మరల మూసెడివారు. బహుదినములు వాడక పడియుండుటచే పలకలపై తెల్లని గంధకితము పేరుకొన్నను, స్వల్పమైన కరెంటుతో రాత్రింబవళ్లు చార్జి యెక్కించి కొంతవరకైనను దానిని లేపగలిగెడివారు. చచ్చినదను బ్యాటరీని లేపినవాడే గొప్ప పనివాడను ఖ్యాతి ఆ కాలమున పుట్టినదే. ఇండ్లలో ఇన్వర్టర్లు వెలసిన పిమ్మట డిస్టిల్డు వాటరు పోయుట, టెర్మినళ్లపై పట్టిన పచ్చని చిలుమును వేడినీటితో కడిగి వాజలీను పూయుట గృహిణులకు సైతము పరిచితమైన పనులయ్యెను.

విద్యుద్వాహనములకును ఆరంభమున ఈ సీసమే ఆధారము. 2001లో బెంగళూరున అమ్మకమునకు వచ్చిన రేవా కారులో 6 వోల్టుల సీసపు బ్యాటరీలు ఎనిమిదింటిని వరుసగ కలిపి 48 వోల్టులు సాధించిరి. తరువాత వచ్చిన చిన్న బండ్లలో 12 వోల్టులవి నాలుగు. వీనిలో ఒక్కటి అలసిన తక్కిన మూడును నిష్ప్రయోజనములగును. బండి నిలిచియుండగా నాలుగును 12.7 చూపవచ్చును గాని, ఒకరు యాక్సిలరేటరు త్రిప్పుచుండగా వేరొకరు మీటరుతో చూచినచో, దోషము గలది 10కి కూలును. ఇంటియొద్ద ఈ పరీక్ష చాలును.

లిథియం వచ్చిన పిమ్మట పెట్టె మూసికొనినది. 1991లో సోనీ సంస్థ తొలిసారి విక్రయించిన లిథియం-అయాన్ సెల్లు, 2019లో గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను మువ్వురికి నోబెలు బహుమానమును తెచ్చినది. 2013లో ఐ.ఐ.టి. మద్రాసు పట్టభద్రులిద్దరు స్థాపించిన ఏథర్ సంస్థ 2018లో బెంగళూరున తన విద్యుత్ స్కూటరును విడుదల చేయునాటికి సీసపు కాలము గతింపసాగినది. 18 మిల్లీమీటర్ల మందము, 65 మిల్లీమీటర్ల పొడవు గల సెల్లులను గుంపులుగ చేర్చి, 13 గుంపులను వరుసగ కూర్చినచో 48 వోల్టుల మూట యగును. దానికి కావలియై బి.ఎం.ఎస్. అను పలక యుండును. ఏ గుంపు వోల్టేజి హద్దు దాటినను, ఏది మితిమీరి వేడెక్కినను అది మార్గమును తెగగొట్టును. కావున మీటరు సున్న చూపినంతమాత్రమున బ్యాటరీ చచ్చెనని నిశ్చయింపరాదు. కావలివాడు ద్వారము మూసియుండవచ్చును, లేదా ఫ్యూజు పోయియుండవచ్చును.

గృహస్థు చేయదగిన పరీక్ష ఈ మూటకు వెలుపలనే యున్నది. గోడ ప్లగ్గున వేరొక వస్తువు పనిచేయుచున్నదా? చార్జరు పిన్నుల నడుమ, దాని చీటీపై వ్రాసిన వోల్టేజి, 13 గుంపుల మూటకైన 54.6, వచ్చుచున్నదా? పిన్నులు నల్లబడినవా, వదులైనవా? మీటరు ఎర్రతీగను ఆంపియరు రంధ్రమున వదలి వోల్టులు కొలువబోయినచో మీటరే షార్టగును గనుక, ముందు దానిని సరిచూచుకొనవలెను. బ్రేకు పిడిలోని స్విచ్చు, సైడుస్టాండు స్విచ్చు ఇరుక్కొని మోటారును ఆపివేయగా బ్యాటరీ నింద మోయుటయు కలదు. ఎండలో తిరిగివచ్చిన బండిని వెంటనే చార్జికి పెట్టక చల్లారనీయవలెను. చార్జరు పెట్టిన మరుక్షణమే పచ్చదీపము వెలిగి, మూట మాత్రము ఒట్టిదిగనే యున్నచో, అచటితో ఇంటిపని ముగిసినది.

పాత పనివారికి ఖ్యాతిని తెచ్చిన సుగుణమే ఇచట ప్రమాదమునకు మూలమగుట గమనింపదగినది. లిథియం సెల్లు ఋణధ్రువమున పలుచని రాగిరేకు గలదు. సెల్లు 2 వోల్టుల దిగువకు పోయి బహుదినములు పడియున్న యెడల, ఆ రాగి కొంచెము కొంచెముగ ద్రవమున కరగును. మరల చార్జి యెక్కించినప్పుడు లోపల సన్నగ పేరుకొని రెండు ధ్రువములను రహస్యముగ కలుపగలదు. సీసపు బ్యాటరీని లేపినట్లు దీనిని లేపినవాడు, అప్పటికి గెలిచినట్లే కనబడును. మూట మరల పరుగెత్తును, వోల్టేజి సరిగనే యుండును. అగ్ని మాత్రము మరియొక రాత్రికి వాయిదా పడియుండును. ఎస్.పి. రోడ్డున ఈ సంగతి తెలిసిన పనివారు అట్టి సెల్లును ప్రక్కన బెట్టుదురు. బి.ఎం.ఎస్.ను దాటించి చార్జరును సూటిగ తగిలించి చూతమనువారిని నేనెన్నడును మెచ్చుకొనజాలను. ఉబ్బిన మూట, ముట్టినంతనే వేడిగనున్న మూట, ద్రావకపు తీయని వాసన గల మూట, వీనిని పరీక్షింప బూనుటయే తప్పు.

2022 తెలుగునాట ఈ పాఠమును కఠినముగ చెప్పిన సంవత్సరము. ఏప్రిలులో నిజామాబాదునను, విజయవాడలోను ఇండ్లలో బ్యాటరీలు ప్రేలి ప్రాణములు పోయినవి. సెప్టెంబరు 12న సికింద్రాబాదున, క్రింద విద్యుద్వాహనముల దుకాణము, పైన వసతిగృహము గల భవనమున అగ్ని చెలరేగి, పొగ మెట్లదారిన పైకి ప్రాకగా 8 మంది మరణించిరి. చిక్కపేట పాతయిండ్లును ఇట్టివే: క్రింద అంగడి, పైన కాపురము, నడుమ ఇరుకైన మెట్లు. ఆ మెట్ల మొదట, ఒకే దారికి అడ్డముగ, రాత్రి నిద్రవేళ బండిని చార్జికి పెట్టుటకంటె నిర్లక్ష్యము వేరొండు లేదు.

ఆ యేడే బ్యాటరీల భద్రతాపరీక్షల నిబంధనలు కఠినములై, డిసెంబరు 1నుండి మొదటి విడతగ, 2023 మార్చి 31నుండి రెండవ విడతగ అమలునకు వచ్చినవి. 2022 ఆగస్టున వెలువడిన వ్యర్థ బ్యాటరీల నిబంధనలు వాడి వదలిన బ్యాటరీలను సేకరించు బాధ్యతను తయారీదారులపై నుంచినవి. సీసపు బ్యాటరీ చచ్చినను తూకమునకు ధర పలుకుచుండెను గనుక అది వీధిన పడియుండిన దినము లేదు. లిథియం మూట నట్లు తూకమునకు వేయక, పాత ఇనుము వానికీయక, అమ్మినవారికే తిరిగి అప్పగింపవలెను.